దింపు డబ్బులు ఎక్కడ దాచుకోమంటారు?

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రెండెకరాల కొబ్బరితోటే ఆధారం. నెల జీతం లేదు. దింపు తీసినప్పుడే, అంటే చెట్ల నుంచి కాయలు దింపించినప్పుడే డబ్బు, అదీ కాయ ధరను బట్టి. ఇంటి ఖర్చులో ఇక తగ్గించడానికేం లేదు. పొయ్యిలోకి ఎండు మట్టలు, డొక్కలు. తలకి మా ఎండుకొబ్బరి గానుగాడించిన నూనె. కూరకి తోటలో కంద, అరటి ఉండనే ఉన్నాయి.

మిగిలింది దాయడం దగ్గరే టెన్షన్. అత్తగారు బంగారం కొనమంటారు. మావారు చీటీ అంటారు, కానీ కాయ ధర పడిపోయిన నెల వాయిదా ఎక్కణ్ణుంచి తేవాలి? పాపకి ఆరేళ్లు. పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా అయితే ఏడాదికి కనీసం 250 రూపాయల నుంచి లక్షన్నర దాకా వీలున్నప్పుడు కట్టుకోవచ్చు, మాలాంటి వాళ్లకి అదే నయమనిపిస్తోంది. అయితే పాపకి 18 ఏళ్లు నిండేదాకో, పదో తరగతి అయ్యేదాకో చదువుకి కూడా తీయలేం. ఈలోగా తుపానొచ్చి చెట్లు కూలిపోతే?

జీతం లేని ఇళ్లవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చిన దాంట్లో ఎంత వంతు ఇలా కదపకుండా పెడుతున్నారు, ఎంత చేతికందేలా బ్యాంకులో ఉంచుతున్నారు? పంట పోయిన ఏడాది ఎలా నెట్టుకొచ్చారు? కాస్త వివరంగా రాయండి, మావారికి చూపిస్తాను.