వడదెబ్బ చావులకి కారణం వయసా, చేసే పనా?

తణుకు చిట్టి: మొన్న మా వీధిలో స్లాబ్ వేస్తుంటే ఒక కూలీ, నలభై కూడా లేవండి, మధ్యాహ్నం రెండింటికి కాంక్రీటు కలిపే మిల్లర్ పక్కనే కూలబడిపోయాడు, హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. తాగుడు అలవాటుంది అందుకే పోయాడని మా మావయ్య, కాదు పనే చంపిందని నేను, ఇంట్లో ఒకటే గొడవ. మీరేమంటారు?

పాతకాపు: ఒక్క కేసు పట్టుకుని తేల్చేస్తే ఎలా చిట్టి గారూ. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో వేలల్లో పోయినప్పుడు ఏపీ విపత్తుల శాఖ వాళ్ళే చెప్పారు, ఎక్కువమంది 50 దాటినవాళ్ళని. రేకుల ఇంట్లో మంచం మీదున్న ముసలమ్మ పోతే దానికి ఏ ఉద్యోగం కారణం?

తణుకు చిట్టి: ఆ మాటలో సగమే చెప్పారండి, ఎండలో తిరిగే కూలి జనం అని కూడా అన్నారుగా అప్పుడు.

పీహెచ్‌సీ సిస్టర్: ఇద్దరూ వేరే వేరే జబ్బుల గురించి కొట్టుకుంటున్నారు 🙂 ముసలాళ్ళకి బయటి వేడి మెల్లగా ఒంట్లో చేరుతుంది, రెండు మూడు రోజులు పడుతుంది. పని చేసేవాడికి కండరాలు లోపల్నుంచి కూడా వేడి పుట్టిస్తాయి, తట్ట మోసేవాడికి గంటలోనే 40 డిగ్రీలు దాటేస్తుంది. పైగా కోస్తాలో ఉక్క, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఇంకోటి, అతను పనికి కొత్తా? పనిలో వడదెబ్బ చావుల్లో సగానికి పైగా మొదటి కొన్ని రోజుల్లోనే అని అమెరికా లెక్కలు, ఒళ్ళు ఎండకి అలవాటు పడటానికి వారం పైనే పడుతుంది మరి.

తణుకు చిట్టి: మూడో రోజేనటండి. అంతకుముందు ఏదో షాపులో ఉండేవాడట.

జగిత్యాల అన్న: నేను ఖతార్ దేశం దోహాల ఏడేండ్లు షట్టరింగ్ పని చేసిన. ఆడ 2021 సంది జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాక పొద్దుగాల 10 నుంచి 3:30 దాక ఎండల పని బంద్. మాది నెల జీతం గాబట్టి ఆపినా పైసలు కట్ కాలె. అట్లని ఆడ అంత మంచిగున్నదని కాదు, రూముల పండుకున్నోడు పండుకున్నట్టే పోతే గుండె ఆగింది అని కాయితం రాసి పంపుతరు. ఈడ మా తమ్ముడు ఇటుక బట్టీల వెయ్యి ఇటుకలకి ఇంత అని చేస్తడు, నీడకు కూసుంటే ఎవడిస్తడు? వయసు కాదన్నా, కూలి ఎట్ల కడుతున్నరు అన్నది సూడాలె.

పాతకాపు: సరే, స్లాబ్ పని పొద్దున్నే మొదలెట్టి పదింటికి ఆపొచ్చుగా, ఎవరు వద్దన్నారు?

తణుకు చిట్టి: మీరెప్పుడైనా ఇల్లు కట్టించారా అండి? స్లాబ్ మధ్యలో ఆపితే జాయింట్ పడుద్ది, రేపు వానొస్తే అక్కడే కారుద్ది. అందుకే ఎంత ఎండైనా అయ్యేదాకా ఆపరు, మేస్త్రి గుత్తకి ఒప్పుకుంటాడు కాబట్టి ఉన్న మనుషులతోనే తోసేస్తాడు.

పీహెచ్‌సీ సిస్టర్: పోస్టుమార్టం చేయించారా? ఎమ్మార్వో, ఎస్సై, డాక్టర్ ముగ్గురూ కలిసి వడదెబ్బే అని రాస్తేగానీ లెక్కలోకి రాదు. తెలంగాణలో అయితే అలా తేలితే 2025 నుంచి ఇంటివాళ్ళకి 4 లక్షలు సాయం.

తణుకు చిట్టి: ఎక్కడండీ, మర్నాడు పొద్దున్నే దహనం చేసేశారు. స్లాబ్ మాత్రం ఆ సాయంత్రం ఆరింటికల్లా అయిపోయింది.