పదివేలు, సముద్రం ఎదురుగా ఇల్లు: ఏ వస్తువు కొంటే నిలుస్తుంది?

లాసన్స్‌బే బాల్కనీ (ప్రశ్న)

అందరికీ నమస్కారమండీ. చేతికి పదివేలు అదనంగా వచ్చాయి. ఇంట్లో మెజారిటీ బంగారం వైపు ఉంది. ఈ రోజుల ధరకి ఆ డబ్బుతో వచ్చే బంగారం కంటికి ఆనదని నా వాదన. అది బీరువాలోకి వెళ్తే మళ్లీ పెళ్లికో పేరంటానికో తప్ప బయటికి రాదు. నాకు రోజూ చేతికి తగిలే వస్తువులు కావాలి. జాబితా చిన్నదే: ఇత్తడి కాఫీ ఫిల్టరు, పాత సైకిలు, ఒక ఇంకు పెన్ను, నాలుగు ఏటికొప్పాక బొమ్మలు. మిగిలితే బాల్కనీలో ఉయ్యాల.

చిక్కల్లా గాలితోనే. విశాఖలో మూడో అంతస్తు, ఎదురుగా సముద్రం. గ్రిల్లుకి ఏటా రంగు వేయాల్సిందే, స్టీలు గొళ్లేనికి కూడా గోధుమరంగు మచ్చలు. ఈ గాలికి వీటిలో ఏవి తట్టుకుంటాయి? దేనికి ఎంత చాకిరీ చేయాలి? వారానికి గంట మించి నా వల్ల కాదు, ముందే చెప్పేస్తున్నా.

సీతమ్మధార మాస్టారు

ముందు గాలి సంగతి తేల్చుకుంటే మిగతావి తేలికవుతాయి. అలలు విరిగినప్పుడు లేచే తుంపర ఆరిపోయి, కంటికి కనపడని ఉప్పు రేణువులుగా గాలిలో తేలుతుంది. తీరానికి దగ్గరగా ఎక్కువ, లోపలికి వచ్చేకొద్దీ తక్కువ. ఆ రేణువు వస్తువు మీద వాలినంత మాత్రాన ఏమీ కాదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే ఉప్పు తనంతట తానే నీళ్లు లాక్కుని కరుగుతుంది. అక్కడ మొదలవుతుంది తుప్పు. విశాఖలో ఆ గీత దాటే రోజులు ఎన్నో మీకు చెప్పక్కర్లేదు.

అంటే మనం పోరాడాల్సింది తేమతో కాదు, ఉప్పుతో. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, వెంటనే పొడిగుడ్డతో ఇంకోసారి తుడిస్తే చాలు. పొడిగుడ్డ ఒక్కటే వాడితే ఉప్పు పోదు, అటూ ఇటూ జరుగుతుందంతే. రోజూ వాడే వస్తువుకి ఈ కడుగుడూ తుడుపూ ఎలాగూ జరిగిపోతాయి. అందుకే మన ఊళ్లో వాడే గిన్నె కంటే అటక మీద దాచిన గిన్నే ముందు పాడవుతుంది.

గొళ్లెం మచ్చలకి కారణం స్టీలు రకం. మామూలుగా దొరికేది 304 రకం. సముద్రపు గాలికి దాని పైపైన గోధుమరంగు మచ్చలు వస్తాయి. 316 రకంలో రెండు మూడు శాతం మాలిబ్డినం కలుపుతారు కాబట్టి అది ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. ఉయ్యాల కొంటే గొలుసు, కొక్కెం, బోల్టు మూడూ 316లోనే అడగండి. గొలుసు మంచిది కొని బోల్టు దగ్గర ఐదారు రూపాయలు మిగుల్చుకునేవాళ్లున్నారు. తెగితే అక్కడే తెగుతుంది.

డికాక్షన్ దాసుడు

ఇత్తడి ఫిల్టరు కొనండి. అయితే కొట్లో లోపలి వైపు చూసి మరీ కొనండి. డికాక్షన్‌లో పులుపు ఉంటుంది, ఇత్తడికి నేరుగా తగలకూడదు. లోపల కళాయి, అంటే తగరపు పూత ఉండాలి, లేదా నికెల్ పూత ఉండాలి. కళాయి తెల్లగా మెత్తటి మెరుపుతో ఉంటుంది. నికెల్ అద్దంలా నున్నగా ఉంటుంది, అదీ బాగానే ఉంటుంది గానీ లేచిపోతే మళ్లీ వేయించడం కష్టం. కళాయి అయితే లోపల పసుపు కనపడగానే మళ్లీ వేయించుకోవచ్చు. పూర్ణా మార్కెట్ వైపు పాత్రల కొట్లలో అడిగి చూడండి, పని చేసేవాళ్లని చెప్తారు. అసలైన తగరమే వేయమని, సీసం కలపొద్దని నోరు తెరిచి అడగండి. కళాయి ఉన్న గిన్నెని ఖాళీగా మంట మీద పెట్టొద్దు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, పొడి గిన్నెకి ఆ వేడి ఎక్కడానికి ఎంతో సేపు పట్టదు.

తోమడానికి బయట చింతపండు, కొంచెం ఉప్పు. లోపల మాత్రం మెత్తటి స్పాంజి, నీళ్లు. ఇనప పీచు తగిలిందా, కళాయి గీసుకుపోతుంది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. చింతపండు పులుపు, ఉప్పు అంచుల్లో, పిడి అతుకుల్లో మిగిలిపోతే తెల్లారేసరికి పచ్చటి చిలుము. రెండుసార్లు నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, మూత తీసి ఆరబెట్టాలి. మూత బిగించి పెడితే లోపల తేమ ఎటూ పోదు.

ఇక అసలు పని. మూడు చిన్న కప్పులకి లెక్క: 20 గ్రాముల పొడి, అంటే గుట్టగా ఐదారు టీస్పూన్లు. నీళ్లు 160 మి.లీ. పొడి తన బరువుకి రెట్టింపు నీళ్లు తాగేస్తుంది, కాబట్టి కిందికి దిగేది 120 మి.లీ. దాకా. కప్పుకి 40 మి.లీ. డికాక్షన్, 100 మి.లీ. చిక్కటి పాలు. పొడి వేశాక గిన్నెని రెండుసార్లు పక్కనుంచి తట్టి సమంగా పరచండి. కాడ ఉన్న చిల్లుల బిళ్ళని దాని బరువు మీదే కూర్చోబెట్టండి, పైనుంచి చేత్తో అదమొద్దు. నీళ్లు మరిగాక స్టవ్ ఆపి అర నిమిషం ఆగండి. మొదట రెండు మూడు చెంచాల నీళ్లు పోసి పొడి ఉబ్బనివ్వండి, ఇంకో అర నిమిషానికి మిగతావి పోయండి. పదిహేను ఇరవై నిమిషాల్లో దిగాలి.

ఐదు నిమిషాల్లోనే దిగిపోతే పొడి బరకగా ఉందన్నమాట. డికాక్షన్ రంగు ఉంటుంది, రుచి ఉండదు. అస్సలు దిగకపోతే మూడు కారణాలు: పొడి మరీ మెత్తన, బిళ్ళని అదిమారు, లేదా పై గిన్నె కింది గిన్నెలో గాలి చొరనంత బిగుతుగా కూర్చుంది. మూడోది ఎవరికీ తట్టదు. కింద ఉన్న గాలి బయటికి పోతేనే డికాక్షన్ దిగుతుంది. పై గిన్నెని ఒక్క వెంట్రుకవాసి ఎత్తి వదలండి, టప టపా మొదలవుతుంది.

పొడి విషయంలో మనది అదృష్టం, అరకు అరబికా పక్క కొండల నుంచే వస్తోంది. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చికోరీ లేకుండా వాడితే డికాక్షన్ త్వరగా దిగుతుంది, పలుచగా ఉంటుంది, పులుపు కాస్త తెలుస్తుంది. చికోరీ నీళ్లు పట్టి ఉంచి, దిగడాన్ని నెమ్మది చేసి, చిక్కదనం ఇస్తుంది. కాఫీ 80, చికోరీ 20 పాళ్ల దగ్గర మొదలుపెట్టి మీ నాలుక చెప్పినట్టు తగ్గించుకోండి. వంద గ్రాములకి మించి ఒకేసారి కొనొద్దు. ఫ్రిజ్‌లో అసలు పెట్టొద్దు. చల్లటి డబ్బా మూత తీయగానే మన గాలిలో తేమంతా పొడి మీద చేరి ఉండలు కడుతుంది.

కైలాసగిరి గేరు

ఫిల్టరు స్టీలుది కొంటే సగం డబ్బు మిగిలేది కదండీ, ఆ డబ్బు సైకిలుకి పెట్టండి :)

పాత సైకిలు చూసేటప్పుడు రంగు చూడకండి, రెండే పరీక్షలు చేయండి. మొదటిది, సీటు గొట్టం వదులు చేసి పైకి లాగండి. రాకపోతే ఫ్రేములో తుప్పుతో అతుక్కుపోయింది, ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయండి. రెండోది చైను. స్కేలు పెట్టి ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే 24 పిన్నుల అవతల సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చాలి. ఎనిమిదో వంతు ఎక్కువొస్తే వెనక పళ్ల చక్రం కూడా అరిగిపోయినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. గేర్లు లేనిది, చైను మీద పూర్తి కవరు ఉన్నది దొరికితే మన ఊరికి అంతకంటే మేలైనది లేదు. భీమిలి దాకా వెళ్తేనే గేర్లు అక్కరకొస్తాయి, జోడుగుళ్లపాలెం దాటాక ఎత్తులు తగుల్తాయి.

నూనె విషయంలో చేతికి పొదుపు కావాలి. గుడ్డకి కిరసనాయిలు అద్ది చైను తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి. పెడల్ వెనక్కి తిప్పుతూ ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేయండి. రాత్రంతా వదిలేసి పొద్దున్న పైపైన నూనె మొత్తం తుడిచేయండి. నూనె రోలరు లోపల ఉండాలి. బయట మిగిలితే ఇసకని పట్టుకుంటుంది, ఇసకా నూనే కలిసి చైనుని గరుకు కాగితంలా అరగదీస్తాయి. కొబ్బరినూనె వేసేవాళ్లున్నారు, కొన్నాళ్లకి బంకలా తయారవుతుంది. తడి ఇసక మీద తొక్కితే బాగుంటుంది గానీ, పెడల్ దగ్గరి బేరింగుల్లోకి ఉప్పునీళ్లు దిగుతాయి. అంతగా మనసైతే దిగి తోసుకెళ్లండి.

బాల్కనీలో పెట్టి ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, లోపల చెమట పడుతుంది. ఇంట్లోకి తెచ్చి పాత దుప్పటి కప్పండి. సీటు గొట్టానికి ఆరు నెలలకోసారి గ్రీజు. అంతా కలిపి వారానికి ఇరవై నిమిషాలు.

వన్‌టౌన్ వారసుడు

బంగారం పార్టీ తరఫున ఒక మాట: మీ జాబితాలో దేనికీ లేని సుగుణం దానికుంది, తుడవక్కర్లేదు. 22 క్యారెట్లంటే 91.6 శాతం బంగారం, ఉప్పుగాలి దాన్ని ఏమీ చేయలేదు. అయితే దానితో డికాక్షన్ దిగదు, అదీ నిజమే. ఎటు తేల్చుకున్నా భయం లేదు, సంపద పన్నుని 2015 బడ్జెట్‌లోనే ఎత్తేశారు. ఉయ్యాల దాకా అన్నిటినీ ధైర్యంగా ఆస్తి అనుకోవచ్చు.

పాళీ పిచ్చి

ఇంకు పెన్నుకి రాజమండ్రి ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) పెన్ను చూడండి. డ్రాపరుతో చుక్కలుగా నింపేదైతే లోపల తుప్పు పట్టే స్ప్రింగూ, రబ్బరు సంచీ ఉండవు. మరల మీద సిలికాన్ గ్రీజు గోటి చివర అంటినంత రాస్తే కారదు. వీటికున్న జబ్బు ఒక్కటే. ఇంకు మూడో వంతు కంటే తగ్గాక, చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి కాగితం మీద బొట్టు కక్కుతుంది. మన ఎండల్లో మరీనూ. కాబట్టి సగానికి రాగానే నింపేయండి. చొక్కా జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టండి.

కడగడానికి చల్లటి నీళ్లే వాడండి. వేడినీళ్లకీ ఎండకీ ఎబొనైట్ నలుపు పోయి ముదురాకుపచ్చకో గోధుమకో తిరుగుతుంది, మళ్లీ రుద్ది మెరుగు పెట్టించాలి. డ్రాయింగుకి వాడే ఇండియన్ ఇంకు పోయొద్దు, అందులో లక్క లాంటి బంక ఉంటుంది, ఆరిందంటే పాళీకి ఇంకు అందించే నాలిక మూసుకుపోతుంది. ఉక్కు పాళీని నెలకోసారి కడిగి ఆరబెడితే చాలు. ఇంట్లో బంగారం గొడవ మరీ ముదిరితే 14 క్యారెట్ల పాళీ ఒకటుంది, ఇద్దరి మాటా నెగ్గుతుంది. మీ పదివేలలో కుదురుతుందని మాత్రం అనుకోకండి.

అంకుడు కర్ర

ఏటికొప్పాక బొమ్మలకి అందరికంటే తక్కువ చాకిరీ. పొడిగా ఉన్న మెత్తటి గుడ్డ, అంతే. పైన మాస్టారు చెప్పిన తడిగుడ్డ వీటికి పనికిరాదు. అంకుడు కర్రని లేతుమీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి పూతగా పడుతుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అది వేడికి పుట్టిన పూత కాబట్టి వేడికే చెడుతుంది. పడమటి ఎండ తగిలే కిటికీలో, టీవీ పెట్టె మీద పెట్టొద్దు. లక్క సారాయికి కరుగుతుంది, శానిటైజరు రాసుకున్న తడి చేత్తో ముట్టుకుంటే వేలిముద్ర అచ్చు పడిపోతుంది.

కుంకుమ భరిణె కొంటే వానాకాలంలో మూత బిగుస్తుంది. కర్ర తేమకి ఉబ్బుతుంది, చెడిపోలేదు. తిప్పి లాగితే అంచు పగులుతుంది. రెండు రోజులు బియ్యం డబ్బాలో ఉంచండి, అదే వదులవుతుంది.

లాసన్స్‌బే బాల్కనీ

అందరికీ బోలెడు కృతజ్ఞతలండీ. ఫిల్టరు, బొమ్మలు ఖాయం. సైకిలు పరీక్షలు రాసుకున్నాను. ఉయ్యాల మీద ఎవరూ గట్టిగా చెప్పలేదే? ఇంకొకటి, ఫిల్టరు రెండు గిన్నెలూ ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోతే ఏం చేయాలి?

సీతమ్మధార మాస్టారు

ఉయ్యాల కొక్కెం కాంక్రీటు స్లాబులోకే దిగాలి. ఇటుక గోడకీ, ఫాల్స్ సీలింగుకీ వద్దే వద్దు. ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుని ఊగితే పడే బరువు ఊరికే కూర్చున్నప్పటికంటే బాగా ఎక్కువ, ఆ లెక్కన బోల్టు ఎంచమని మేస్త్రీకి చెప్పండి. అద్దె ఇల్లయితే చిల్లు పెట్టకముందే ఓనరుగారిని అడగండి. 316 గొలుసు పెడితే పదివేలలో మిగతావాటికి చోటుండదేమో కూడా చూసుకోండి.

డికాక్షన్ దాసుడు

ఇరుక్కున్న గిన్నెని బల్లకేసి కొట్టొద్దు, ఇత్తడి సొట్టపడితే ఇక ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. పై గిన్నెలో నాలుగు ఐసు ముక్కలు వేయండి, కింది గిన్నెని వేడినీళ్లలో పెట్టండి. పైది కుంచించుకుంటుంది, కిందిది సాగుతుంది. ఒక నిమిషానికి మెలితిప్పి లాగండి. రాకపోతే నీళ్లు మార్చి మళ్లీ అదే పని.