కృష్ణా నీటిలో మా కాలువ వాటా ఎంత? లెక్క తేలడం లేదు

పొలంగట్టు: సాయంత్రం నుంచి కూర్చున్నా ఈ లెక్క తెగడం లేదు. ఊరి రైతుల తరఫున నీటిపారుదల శాఖకు ఇచ్చే వినతిపత్రంలో మాకు రావలసిన నీరెంతో అంకెతో సహా రాయమని పెద్దలు నాకు అప్పగించారు. ఒకచోట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి 811 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) అని ఉంది, మరోచోట 1005 అని ఉంది, ఇంకోచోట తెలంగాణకు 299 అని ఉంది. కాగితం మీద ఇన్ని వందల టీఎంసీలు ఉండగా ఉమ్మడి పాలమూరు జిల్లాలో మా కాలువ యాసంగి రాకముందే ఎందుకు ఎండుతోంది? వానలు లేకనా, పైవాళ్లు ఆపడం వల్లనా? ఎల్లుండికి పత్రం ఇవ్వాలి, సూటిగా చెప్పగలరు.

విశ్రాంత ఇంజినీరు: ఏ కాలువ?

భూగోళం మాస్టారు: కాలువ ఏదైనా మూలం ఒకటే. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుడుతుంది. నైరుతి మేఘాలు తమ నీటిని చాలావరకు పడమటి కనుమల మీదే కురిపించి, ఇవతలి పీఠభూమికి వచ్చేసరికి తేలికబడతాయి. అందువల్ల నదికి వరద వచ్చిన ఏడు కూడా మన చేలకు కరువు రావచ్చు, ఎందుకంటే ఆ వరద కనుమల్లో పడిన వానది. పైగా పాలమూరులో నది పల్లంలోనూ పొలాలు మెట్టలోనూ ఉన్నాయి కనుకనే కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ అన్నీ ఎత్తిపోతలయ్యాయి. 2023లో ఎల్‌నినో తోడై, 1901 తర్వాత దేశం మొత్తం మీద అతి తక్కువ వాన పడిన ఆగస్టును చూశాం. వినతిపత్రంలో ముందుగా ఇది రాయండి.

మిర్యాలగూడ ఆయకట్టు: మాస్టారూ, మేఘాల మీద నెపం వేస్తే పైవాళ్లకు పండగే. ఆల్మట్టి, నారాయణపూర్ నిండితే గాని జూరాలకు నీరు రాదు, శ్రీశైలం నిండితే గాని సాగర్‌కు రాదు. సాగర్ ఎడమ కాలువ కింద మేము నారుమళ్లు పోసుకుని ఆకాశం వైపు కాదు, కర్ణాటక వైపు చూస్తాం. ఆల్మట్టి ఎత్తును 2000లో సుప్రీంకోర్టు 519.6 మీటర్లకు పరిమితం చేస్తే, తర్వాత కృష్ణా నీటి పంపకానికి కేంద్రం వేసిన రెండో ట్రిబ్యునల్, అంటే బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్, 524.256 మీటర్లకు ఒప్పుకుంది. దీన్ని కరువు అనడం నాకు సమ్మతం కాదు, ఇది నీటి దోపిడీ.

భూగోళం మాస్టారు: ఆవేశం వేరు, నిర్వచనం వేరు. వాన సాధారణం కంటే 25 శాతానికి మించి తగ్గితే వాతావరణ శాఖ దాన్ని అనావృష్టిగా లెక్కిస్తుంది. జలాశయాలు, భూగర్భ జలాలు అడుగంటడం రెండో రకం, నేలలో తేమ చాలక పైరు ఎండడం మూడో రకం. మూడింటినీ కలిపి దోపిడీ అని రాస్తే అధికారి మొదటి పేరా దగ్గరే ఆగిపోతారు.

బోరుబావి: పక్క రాష్ట్రాల మాట సరే, మన చెరువుల గొలుసుకట్టు తెగిపోయిన సంగతి ఎవరూ ఎత్తరేం? మన కింద ఉన్నది గ్రానైటు రాయి. నీరు నిలిచేది పైనున్న మెత్తని పొరలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే కనుక, బోరు ఎంత లోతుకు దించినా పగులు తగలకపోతే దుమ్మే వస్తుంది. చెరువు నిండితేనే బోరు బతుకుతుంది.

విశ్రాంత ఇంజినీరు: అంకెల సంగతి ముందు తేల్చుకుందాం. కృష్ణా నీటిని మొదట పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో 75 శాతం విశ్వసనీయత మీద, అంటే నూరేళ్లలో 75 ఏళ్లు దొరుకుతుందనుకున్న నీటి మీద, ఉమ్మడి రాష్ట్రానికి 800 టీఎంసీలు ఇచ్చింది. పొలాల నుంచి తిరిగి నదిలో చేరే నీటిని కలిపితే అది 811 అయింది. మిగిలిన పాతికేళ్లలో ఏ రాష్ట్రానికైనా వాటా తగ్గక తప్పదు. 1005 అన్నది 2013లో బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ చెప్పినది, సుప్రీంకోర్టు ఉత్తర్వు కారణంగా గెజిట్‌కు ఎక్కలేదు, కాబట్టి దాన్ని వాడకండి. 299 అన్నది 811లో తెలంగాణ భాగంగా 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటు. రెండు రాష్ట్రాల మధ్య పంపకాన్ని తేల్చమని 2023 అక్టోబరులో కేంద్రం అదే ట్రిబ్యునల్‌కు కొత్త విధివిధానాలు ఇచ్చింది. ఆ 299లో 89.15 టీఎంసీలు చిన్న నీటి వనరులవి, అంటే చెరువులూ కుంటలవి. వాన లేని ఏడు ఆ అంకె కాగితం మీదే మిగులుతుంది. ఈ విషయంలో బోరుబావి గారితో ఏకీభవిస్తాను. మళ్లీ అడుగుతున్నాను, ఏ కాలువ?

పొలంగట్టు: ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాలువండీ, అలంపూర్ వైపు చివరి ఆయకట్టు. పాలమూరు కాలువ అంటే తెలుస్తుందనుకున్నాను.

విశ్రాంత ఇంజినీరు: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత చర్చ అక్కరలేదు. మీ నీరు తుంగభద్రది. రాజోలిబండ ఆనకట్టకు 17.1 టీఎంసీల కేటాయింపు ఉంది. అందులో 1.2 కర్ణాటకకు, 15.9 మనకు, 87,500 ఎకరాల కోసం. మీ పత్రంలో రాయవలసిన అంకె 15.9. ఇందులో కొంత తుంగభద్ర డ్యాం నుంచి వదిలే నీరు, మిగిలినది డ్యాంకు దిగువన కురిసిన వానతో నదిలో చేరే నీరు. కరువు ఏడాదిలో ఈ రెండో భాగం అసలు ఉండదు. డ్యాంలోనూ పూడిక చేరి నిల్వ 133 టీఎంసీల నుంచి దాదాపు 105కు పడిపోయింది. దానికి తోడు కాలువ మొదటి నలభై పైచిలుకు కిలోమీటర్లు కర్ణాటకలో నడుస్తుంది కాబట్టి, అక్కడి తూములూ కాలువ మరమ్మతూ మన చేతిలో లేవు. పైన కొద్దిపాటి నీరు తగ్గినా చివరి ఊళ్లకు పూర్తిగా ఆగిపోతుంది.

మిర్యాలగూడ ఆయకట్టు: అయితే ఆల్మట్టి తప్పేమీ లేదంటారా?

విశ్రాంత ఇంజినీరు: వీరి కాలువకు సంబంధం లేదు. ఆల్మట్టి కృష్ణ మీద ఉంది. తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసేది జూరాలకు కూడా దిగువన.

బోరుబావి: చివరి ఆయకట్టు కోసం తుంగభద్ర మీది సుంకేశుల బ్యారేజీ వెనుక జలాల నుంచి తోడే తుమ్మిళ్ల ఎత్తిపోతల ఉంది కదా, దాని సంగతి కూడా రాయమనండి. అలాగే కాలువ పక్క చెరువులను నింపమని ఒక్క వాక్యం కలపండి.

పొలంగట్టు: 15.9, తుమ్మిళ్ల, చెరువులు రాసుకున్నాను. ధన్యవాదాలు.

మిర్యాలగూడ ఆయకట్టు: ఎడమ కాలువ చివరి భూములకు ఇలాంటి లెక్క ఎవరైనా ఇవ్వగలరా?