ఆడపడుచుల పండగ కానుకను పాత చీర గుడ్డలో చుట్టి ఇవ్వొచ్చా?

లక్కపిడత: సంక్రాంతికి మా ఆడపడుచులిద్దరూ వస్తున్నారు. ఏటా కవర్లో 1116, పైన ఒక జాకెట్టు ముక్క. ఆ ముక్కలు ఊరంతా తిరిగి మళ్ళీ మా బీరువాలోకే వస్తున్నాయి. అందుకని ఈసారి మార్చాను. పెద్దావిడ ఇప్పటికీ కుంకుమే పెట్టుకుంటుంది, ఆవిడకి ఏటికొప్పాక భరిణె. చిన్నావిడ చిన్నప్పుడు లక్కపిడతలు పక్కలో పెట్టుకుని పడుకునేదని అత్తయ్య చెప్పేవారు, ఆమెకి లక్కపిడతల సెట్టు. అత్తయ్య పోయి రెండేళ్ళయింది. గిఫ్ట్ పేపర్ బదులు ఆవిడ వెంకటగిరి నేత చీర కోసి అందులో చుట్టాను. మా ఆయన చూసి "పాత గుడ్డలోనా?" అని మొహం చిట్లించారు. మీరేమంటారు?

బైపాస్ రోడ్డు: డబ్బులే ఇచ్చేయండి. గొడవుండదు.

కరకట్ట: ఇవ్వకూడదు. పండక్కి ఆడపిల్లకి ఇచ్చే బట్ట కొత్తదై ఉండాలి, అంచుకి పసుపు పెట్టి ఇవ్వాలి. కట్టి విడిచినది, అదీ పోయినవాళ్ళది, పండగ పూట చేతిలో పెట్టడమేంటండీ? పైగా వచ్చేది పుట్టింటికి. "మా వదినకి కొత్త బట్ట కూడా బరువైందా" అనుకోదా?

ఏటిగట్టు: కరకట్ట గారూ, పుట్టిన బిడ్డని మొదట దేంట్లో చుడతాం? పాత నూలు చీరలోనే కదా. ఉయ్యాల కట్టేది పాత చీరతో. బొంత కుట్టేది పాత చీరలతో. మా అమ్మమ్మ బొంతలో ఆరు చీరలుండేవి, ఏది ఎవరిదో వేలు పెట్టి చెప్పేది. బిడ్డకి పనికొచ్చిన గుడ్డ భరిణెకి పనికిరాదా? ఆ మెరుపు గిఫ్ట్ పేపర్లు చాలావరకు ప్లాస్టిక్ పొరే, చించగానే చెత్తలోకి. ఇదైతే పెట్టెలో దాచుకుంటారు.

కరకట్ట: బిడ్డకి పాత బట్ట మెత్తగా ఉంటుందని, దిష్టి తగలదని. దానికీ కానుకకీ ఏం సంబంధం? నేనడిగేది ఒక్కటే: కట్టిన బట్టా, కాదా?

ఏటిగట్టు: గుడ్డ కానుక కాదండీ, కానుక లోపలుంది!

కరకట్ట: ముందు కంటికి కనబడేది గుడ్డే కదా.

కుట్టుమిషన్: మీ వాదన కానివ్వండి, నాకు పని విషయం మాట్లాడాలనుంది. మూర చదరం ముక్క కోస్తే మూలకు మూల పాతిక అంగుళాలొస్తుంది. పెట్టె అందులో మూడో వంతుండాలి, అంటే ఎనిమిది అంగుళాల లోపు. అంతకంటే పెద్దదైతే ముడి అందదు. నేత చీర కదా, కాస్త గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే మడత నిలుస్తుంది. టేపు అస్సలు వద్దు. అంచు నుంచి సన్నటి పట్టీ కోసి దాంతోనే కట్టండి. ఇంకోటి, లక్క సామాన్లు ఎండలో ఆగిన కారులో వదలొద్దు. తిరిగే కర్ర మీద అదిమితే రాపిడి వేడికే కరిగి పట్టే లక్క అది, ఎండకీ మెత్తబడుతుంది.

చింతచిగురు: అక్కా, ఆ భరిణెలు ఎక్కడ కొన్నారు?

కరకట్ట: ఎవరూ నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఒక మాట అంటాను, ఏమనుకోవద్దు. ఈ మధ్య ఖర్చు తగ్గించుకోవాలనుకున్న ప్రతివాళ్ళూ దానికి సెంటిమెంటు పేరు పెడుతున్నారు.

లక్కపిడత: ఖర్చా? రెండూ కలిపి ఆ 1116ల కంటే ఎక్కువే అయ్యాయి. లెక్కలు చెప్పే ఇల్లు కాదు మాది. అయినా ఆ చీర సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? చివరి ఏడాదిన్నర ఆవిడకి తల దువ్వింది నేను, స్నానం చేయించింది నేను. ఆ చీర వారానికి రెండుసార్లు ఉతికి ఆరేసింది నేను. కూతుళ్ళు పండక్కి వచ్చి, కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చి, మూడో రోజు బస్సెక్కేవారు.

ఏటిగట్టు: బాగా చెప్పారు.

కరకట్ట: బాగా చెప్పారా? నేనూ మూడో రోజు బస్సెక్కిన కూతుర్నే. మా అత్తగారు మంచంలో ఉంటే ఇంకెన్నాళ్ళు ఉండగలను? మా అమ్మ పోయిన ఏడాది సంక్రాంతికి వెళ్ళి, ఒక్క చీర ఇవ్వమని అడిగాను. మా వదిన అన్నీ స్టీలు సామాన్ల వాడికి వేసేసింది. రెండు గిన్నెలూ ఒక డబ్బా వచ్చాయట. నాకు అన్నం ఆ గిన్నెలోంచే వడ్డించింది. లక్కపిడత గారూ, మీరు ఆ చీర కోసే ముందు ఆ ఇద్దర్నీ అడిగారా?

బైపాస్ రోడ్డు: అందుకే డబ్బులన్నాను.

ఏటిగట్టు: కరకట్ట గారూ, మీ వదిన చేసిందానికి ఈవిడని అంటే ఎలా? ఈవిడ అమ్ముకోలేదు, కూతుళ్ళకే ఇస్తోంది.

కరకట్ట: ముక్కలు చేసి ఇస్తోంది.

కుట్టుమిషన్: ఎంత కోశారండీ? ఐదున్నర మీటర్ల చీరలో రెండు మూర ముక్కలంటే పెద్దగా పోదు.

లక్కపిడత: అడగలేదు. చేసేవాళ్ళం మేమే కాబట్టి మాదే అనుకున్నాను. కుచ్చిళ్ళ వైపు, చిరుగు పట్టిన చోటే కోశాను. మిగతాది అలాగే ఉంది. కొంగు ముట్టుకోలేదు, ఇంకా ఆవిడ వాడే కొబ్బరినూనె వాసనే వస్తోంది.

కరకట్ట: అది ఉతక్కండి. గంజీ పెట్టొద్దు. భోగి రోజు వాళ్ళు రాగానే ముందు దాన్ని చూపించండి, ఎవరికి కావాలో వాళ్ళే తేల్చుకుంటారు. పాత బట్టలో కానుక చుట్టకూడదన్న మాట మీద మాత్రం నేనుంటాను.

లక్కపిడత: ఇద్దరూ కొంగే కావాలంటే?

కరకట్ట: అంటారు.

చింతచిగురు: అక్కా, భరిణెలు ఎక్కడ కొన్నారో ఇంకా చెప్పలేదు.