తెలుగు బోర్డుకి సన్నగీత నప్పుతుందా?

సిరిపురం పాప: బీచ్ రోడ్డులో ఒక చీరల షాపుకి బ్రాండింగ్ చేస్తున్నాను. ఇంగ్లిష్ పేరుకి సెరిఫ్ (అక్షరం గీతల చివర ఉండే చిన్న తోక) లేని ఫాంటే పెట్టాం, కానీ ఒక గీత లావు, ఒక గీత వెంట్రుకంత సన్నం. తెలుగు పేరు కూడా అలాగే గీయమంటున్నారు. గీయొచ్చా?

పాతకుంచె: వద్దమ్మా. ధ కింద గీత సన్నబడితే రోడ్డు అవతలి నుంచి అది ద. ధనలక్ష్మి కాస్తా దనలక్ష్మి అయిపోతాది.

లాసన్స్‌బే: అన్నీ వద్దంటే ఎలా? జర్మన్ ఫాంట్ డిజైనర్ హెర్మన్ జాఫ్ 1950లో ఫ్లోరెన్స్‌లోని శాంటా క్రోచే చర్చిలో సమాధి రాళ్ల మీద అక్షరాలు చూసి, వెయ్యి లీరాల నోటు మీద గీసుకున్నాడు. అదే 1958లో, సెరిఫ్ లేకుండా లావు, సన్నం గీతలతో, ఆప్టిమా అనే ఫాంటుగా వచ్చింది. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం మీద పేర్లన్నీ అందులోనే చెక్కారు. అవి చదవలేకపోతున్నారా?

పాతకుంచె: రాయిలో చెక్కితే గాడిలో నీడ పడతాది. ఇక్కడ స్టిక్కరు. బీచ్ గాలికి ముందు లేచేది సన్నగీతే. ధ సంగతి చెప్పండి.

మువ్వలపాలెం: ఆప్టిమాలో లావు, సన్నాల తేడా కొంచెమే కదా. పాప అడిగింది కత్తి అంచు లాంటిది.

లాసన్స్‌బే: ధ, ధ, ధ! షాపు పేరులో ధ ఉందని ఎవరన్నారు?

సిరిపురం పాప: లేదు. నా ఇబ్బంది వేరు. ఇంగ్లిష్‌లో నిలువుగీత లావు, అడ్డగీత సన్నం అంటే సరిపోతుంది. మనకి నిలువుగీతలెక్కడున్నాయి? అన్నీ వంపులే. లావు ఎక్కడ మొదలవ్వాలో తేలట్లేదు. ఒత్తు అసలే చిన్నది, అందులో మళ్లీ సన్నగీతంటే టెన్షన్.

పాతకుంచె: గంటంతో తాటాకు మీద రాసినప్పుడు గీతంతా ఒకే మందం. లావు, సన్నం మనది కాదు.

లాసన్స్‌బే: తర్వాత కాగితం, కలం రాలేదా? మీ కుంచె ఒత్తితే లావు, తేలిస్తే సన్నం కాదా? మీకు కంప్యూటర్ అంటే కడుపుమంట.

పాతకుంచె: అవును, మంటే! జగదాంబ దగ్గర ఇరవై రెండేళ్లు బోర్డులు రాశాను. ఒక హోటలోళ్లు నా బోర్డు ఫొటో తీసి, కంప్యూటర్లో దింపి, నాలుగు బ్రాంచీలకి వేసుకున్నారు. నాకు టీ నీళ్లు కూడా పోయలేదు.

లాసన్స్‌బే: దానికీ సన్నగీతకీ ఏటి సంబంధం?

మువ్వలపాలెం: పాపా, బోర్డు మీద తెలుగు ఎంత సైజు?

సిరిపురం పాప: ఇంగ్లిష్ రెండడుగులు. తెలుగు కింద... ఆరంగుళాలు.

మువ్వలపాలెం: మరింకేం, ఆరంగుళాల్లో ఏ ఫాంటైనా ఒకటే.

సిరిపురం పాప: ఇంగ్లిష్ ఫాంటుకి లైసెన్స్ కొన్నారండీ. తెలుగుకి మాత్రం "నువ్వే ఏదో సర్దెయ్" అన్నారు. పైసా లేదు. ఇక్కడ అడిగింది కూడా అందుకే.

లాసన్స్‌బే: ఈ ముక్క పొద్దున్నే చెప్పాల్సింది.

పాతకుంచె: పేరు పంపమ్మా, చేత్తో రాసిస్తాను. ఊరికే కాదు, షాపోళ్లతో ముందు రేటు మాట్లాడు. తెలుగు అక్షరం అడుగున్నర ఎత్తుకి తక్కువైతే కుంచె ముట్టను.