పోయిన డిస్కుల చోట కొత్త గొంతులు పెట్టొచ్చా? ‘కింగ్ ఆఫ్ ది కాంగో’ మీద చర్చ

రీలుపెట్టె

రెండు రోజులుగా ఇదే ఆలోచన. అమెరికాలో నాట్ లెవిన్ అనే ఆయన నడిపిన మాస్కాట్ కంపెనీ 1929లో ‘కింగ్ ఆఫ్ ది కాంగో’ అనే సినిమా సీరియల్ తీసింది. పది భాగాలు, వారానికొకటి. మన వారపత్రికల్లో సీరియల్ నవల వచ్చినట్టే, హీరో ప్రాణం మీదికి రాగానే ఆపి ‘వచ్చే వారం’ అనేవాళ్ళు. మాటలు వినిపించిన తొలి సీరియల్‌గా చెప్పుకునేది దీన్నే. అయితే పూర్తి టాకీ కాదు. ఎక్కువ భాగం సంగీతం, చప్పుళ్ళు. భాగానికి కొన్ని సీన్లలో మాత్రమే మాటలు. దంతాల దొంగలను పట్టుకోవడానికి వచ్చిన సీక్రెట్ సర్వీస్ మనిషిగా వాల్టర్ మిల్లర్, తండ్రిని వెతుక్కుంటూ అడవికొచ్చిన అమ్మాయిగా జాక్వెలిన్ లోగన్, స్కార్‌ఫేస్ మాక్లిన్‌గా బోరిస్ కార్లోఫ్ వేశారు. కార్లోఫ్‌కి పేరు తెచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ సినిమాకి ఇంకా రెండేళ్ళుంది.

మాటలు ఫిల్ము మీద లేవు, విడిగా పెద్ద గ్రామఫోన్ డిస్కుల మీద ఉండేవి. బొమ్మ మూగ ప్రతిగా మిగిలింది. డిస్కులు మాత్రం చెల్లాచెదురైపోయి, దశాబ్దాలపాటు దీన్ని జనం మూగ సీరియల్‌గానే చూశారు. ఎరిక్ గ్రేసన్ అనే సినిమా చరిత్రకారుడు దొరికిన డిస్కులను బొమ్మతో కలిపి, ముందు 5వ భాగాన్ని, తర్వాత ఆఖరిదైన 10వ భాగాన్ని మళ్ళీ మాట్లాడించాడు.

నా ప్రశ్న ఇది. ఇలాంటి సినిమాల్లో డిస్కు దొరకని చోట ఏం చెయ్యాలి? ఈనాటి నటులతో మాటలు చెప్పించి అతికించాలా, లేక మూగగానే వదిలేయాలా? వదిలేయాలనే నేనంటాను.

శబ్దం_శీను

నేను హైదరాబాదులో పదహారేళ్ళుగా సౌండ్ ఎడిటింగ్ చేస్తున్నాను. అన్నా, మీతో ఏకీభవించను.

మూగగా వదిలేయడం నిజాయితీ అని మీరనుకుంటున్నారు. 1929లో మూగ బొమ్మ ఆడిన ఏ హాలూ నిశ్శబ్దంగా లేదు. పియానోనో, ఆర్గనో, చిన్న బ్యాండో ఉండేది. ఇప్పుడు మీరు చూపించే నిశ్శబ్దం ఆనాటి ప్రేక్షకుడు ఎరగనిది. పైగా ఇది పండితుల కోసం తీసింది కాదు, శనివారం పిల్లలు ఎగబడి చూసిన బొమ్మ. ఐదో భాగంలో మాట్లాడిన మనిషి ఆరో భాగంలో ఉన్నట్టుండి పెదాలు మాత్రమే ఆడిస్తే ఎవరు కూర్చుంటారు? మూగ ప్రతిలో మాటలు రాసి చూపే టైటిల్ కార్డులున్నాయి, పెదాల కదలిక కనిపిస్తోంది, కొన్ని భాగాల డిస్కుల్లో ఆ నటుల గొంతు నమూనా ఉంది. ఇప్పుడున్న సాంకేతికతతో కార్లోఫ్ గొంతునే తయారు చెయ్యొచ్చు. మొదట్లోనే ‘ఇది కొత్తగా చేసిన శబ్దం’ అని వేస్తే ఎవరినీ మోసం చేసినట్టు కాదు.

తెనాలి_ఆపరేటర్

శీనూ, నేను ముప్పై ఒక్క ఏళ్ళు సినిమా హాలు ప్రొజెక్టర్ కేబిన్‌లో ఉన్నవాణ్ణి. డిస్కు మీద శబ్దం అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. కొత్తవాళ్ళున్నారు కాబట్టి వివరంగా చెప్తాను.

ఆ డిస్కు పదహారు అంగుళాలు. నిమిషానికి ముప్పై మూడున్నర చుట్లలోపే తిరుగుతుంది. సూది లోపల మొదలై బయటికి వస్తుంది. వెయ్యి అడుగుల రీలుకి ఒక డిస్కు, పదకొండు నిమిషాలు. లేబుల్ మీద చిన్న చిన్న గడులుండేవి. ఆడించినప్పుడల్లా ఆపరేటర్ ఒక గడి కొట్టెయ్యాలి. ఇరవై సార్లు ఆడాక ఆ డిస్కు పని అయిపోయినట్టే, ఎందుకంటే బరువైన సూది గాడిని తినేస్తుంది. అన్ని డిస్కులు ఎందుకు పోయాయో అక్కడే తెలుస్తోంది. వాటిని దాచుకోవడానికి చెయ్యలేదు.

ఇంక ఫిల్ము తెగితే ఉంటుంది అసలు కష్టం. అడుగుకి పదహారు ఫ్రేములు, సెకనుకి ఇరవై నాలుగు. మామూలు బొమ్మలో తెగిన చోట నాలుగు ఫ్రేములు కోసేసి, ఫిల్ము అతికించే సిమెంటు రాసి జాయింటు వేస్తే పోయేది. డిస్కు బొమ్మలో నాలుగు ఫ్రేములు పోయాయంటే ఆ రీలు చివరిదాకా మాట వెనకబడుతుంది. అందుకని ఎన్ని ఫ్రేములు పోయాయో లెక్కపెట్టి, సరిగ్గా అన్నే నల్ల ఫ్రేములు పెట్టి అతికించేవాళ్ళు. తెర మీద ఒక్క క్షణం చీకటి, అంతే. మాట తప్పదు.

90ల్లో మాకు డీటీఎస్ అనే డిజిటల్ శబ్ద పద్ధతి వచ్చినప్పుడు పెట్టెలో ఫిల్ముతోపాటు సీడీలు వచ్చాయి. మళ్ళీ డిస్కు! కానీ ఫిల్ము అంచున టైంకోడ్, అంటే ఏ ఫ్రేముకి ఏ శబ్దమో చెప్పే గుర్తులు, ఉండేది కాబట్టి ఎక్కడ తెగినా శబ్దం తనంతట తను సర్దుకునేది. సీడీ మొరాయిస్తే ఫిల్ము మీదున్న మామూలు ట్రాక్ అందుకునేది. 1929 వాళ్ళకి ఆ రెండు ఆసరాలూ లేవు, లెక్కా ఓపికా మాత్రమే ఉన్నాయి.

అందుకే నా మాట: పోయిన చోట నలుపు పెట్టండి. పోయిన నాలుగు ఫ్రేములకు బదులు వేరే బొమ్మ ముక్క ఏ ఆపరేటరూ అతికించలేదు.

సుజాత_డల్లాస్

బాబాయిగారూ, నల్ల ఫ్రేముల సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

ఇంకో కోణం అడుగుతాను. మన సంగతికి వద్దాం. మన తొలి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’ ప్రతి లేదు. బొమ్మ లేకపోయేసరికి తేదీ కూడా చేజారింది. 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాలపాటు రాసుకున్నాం. అసలు విడుదల 1932 ఫిబ్రవరి 6 అని రెంటాల జయదేవగారు ఆధారాలతో చూపించాకగాని దిద్దుకోలేదు. రేపు ఎక్కడో పాత గోదాములో ఆ ఫిల్ము దొరికిందనుకోండి. బొమ్మ ఉంది, శబ్దం చెడిపోయింది. లీలావతిగా సురభి కమలాబాయి పెదాలు కదులుతున్నాయి. ఏం చేస్తారు?

శబ్దం_శీను

సుజాతగారూ, పాడిస్తాను! సురభి వాళ్ళు ఇవాళ్టికీ నాటకాలాడుతున్నారు. ఆ కుటుంబాల్లో పద్యం తరతరాలుగా వస్తోంది. ఆ పిల్లల చేత పాడిస్తే అది బతికున్న పరంపర అవుతుంది. అబద్ధమెలా అవుతుంది?

రీలుపెట్టె

శీనూ, వాళ్ళు పాడితే నేను ముందు వరుసలో కూర్చుని వింటాను. తెర ముందు నిలబడి పాడమను. వచ్చినవాళ్ళకి రెండూ తెలుస్తాయి: బొమ్మ అప్పటిది, పాట ఇప్పటిది. ఫైల్లో కలిపేశావా, ఐదేళ్ళలో ఎవరో నీ ముందుమాట కోసేసి వీడియో పెడతారు. పదేళ్ళకి ‘కమలాబాయి అరుదైన గానం’ అయిపోతుంది. తేదీ ఒక్కటి దిద్దడానికే మనకి ఎన్ని దశాబ్దాలు పట్టిందో పైనే ఉంది కదా.

కార్లోఫ్ విషయంలో ఇంకా ప్రమాదం. టాకీల్లో ఆయన గొంతుకి అవి తొలి నమూనాల్లో కొన్ని. మైకు ముందు ఎలా మాట్లాడాలో నటులు అప్పుడప్పుడే నేర్చుకుంటున్నారు. మాట సాగదీయడం, ఎదుటివాడు ముగించాక ఒక క్షణం ఆగడం, ఆ తడబాటే మనకి కావాల్సింది. యంత్రం తర్వాతి సినిమాల్లోని ఆరితేరిన కార్లోఫ్‌ని తెచ్చి 1929 పెదాల మీద పెడుతుంది. అప్పుడిక ఏది దొరికింది, ఏది తయారు చేసింది?

శబ్దం_శీను

గొంతు కాపీ విషయంలో ఒప్పుకుంటున్నా. నిన్న రాత్రి ఒక పాత క్లిప్ మీద ప్రయత్నించి చూశాను. మాట బాగానే కుదిరింది. ఊపిరి మాత్రం ఎక్కడ తీసుకోవాలో అక్కడ తీసుకోలేదు. వినలేకపోయాను, తీసేశాను.

కానీ సంగీతం, చప్పుళ్ళ సంగతి వేరు. అక్కడ పట్టు వదలను. పియానో పెట్టండి, మాటల చోట టైటిల్ కార్డు చూపించండి. అప్పటి మూగ హాలు ప్రేక్షకుడు చూసింది అదే. మూగ ప్రతి కూడా మాస్కాట్ వాళ్ళే విడుదల చేశారు కదా. అది వికలమైన టాకీ కాదు, దాని రూపం దానికుంది.

తెనాలి_ఆపరేటర్

ఇది బాగుంది శీనూ. ఇలా నేను ఆలోచించలేదు.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను చేసిన ఒక హాలులో నాలుగో ఆటకి టైము సరిపోదని ఓనరు పాటలు కోయించేవాడు. నేనే కోశాను. ముక్కలు పారెయ్యబుద్ధి కాక బిస్కెట్ డబ్బాలో వేసి, ఏ రీలుదో చీటీ మీద రాసేవాణ్ణి, పెట్టె తిరిగి పంపేటప్పుడు మళ్ళీ అతికించాలని. ఒకసారి నేను సెలవులో ఉండగా పెట్టె వెళ్ళిపోయింది. ఒక యుగళగీతం చరణం డబ్బాలో ఉండిపోయింది. ఆ ప్రింటు తర్వాత ఏ ఊళ్ళో ఆడినా ఆ చరణం లేకుండానే ఆడింది. వాసన పట్టి, ముక్క ముడుచుకుపోయేదాకా దాచాను. ఇవ్వడానికి ఎవరూ లేరు.

సుజాత_డల్లాస్

బాబాయిగారూ, ఆ చీటీ రాసిన మనిషి మీరు. అది చిన్న సంగతి కాదు. ఇక్కడ విటాఫోన్ ప్రాజెక్ట్ వాళ్ళు 1991 నుంచి చేస్తున్న పని అదే: ఎవరి అటకమీదో డిస్కు, ఇంకెక్కడో దాని ఫిల్ము, రెండిటికీ జత కుదర్చడం.

రీలుపెట్టె

అయితే ఒక మనవి, ఇది చదివేవాళ్ళందరికీ. మన దేశంలో కూడా 1929 నుంచే కలకత్తాలో విదేశీ టాకీలు ఆడాయి. పాత హాళ్ళ కుటుంబాల ఇళ్ళల్లో పళ్ళెమంత పెద్ద రికార్డు, లేబుల్ మీద గడులున్నది కనిపిస్తే దయచేసి ఇంట్లోని కీ గ్రామఫోన్ మీద పెట్టకండి. వేగం కుదరదు, సూది గాడిని చీల్చేస్తుంది. తుడవకండి కూడా. రెండు వైపులా ఫోటో తీసి, లేబుల్ మీది అంకెలు కనిపించేలా ఇక్కడ పెట్టండి. జత ఎక్కడుందో వెతుకుదాం.