‘ఫ్రీపోర్ట్’ని తెలుగులో ఏమనాలి?

బ్రిటన్ ఫ్రీపోర్టుల మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘స్వేచ్ఛా నౌకాశ్రయం స్థానిక సంఘాలకు పునరుజ్జీవనాన్ని, అవకాశాలను తీసుకువస్తుంది’ అని రాసి, మళ్ళీ చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మాటలన్నీ తెలుగువే, వాక్యమే కాదు. ఎక్కడ చెడింది?

—

ముందు ‘స్వేచ్ఛా’ తీసేయండి. అక్కడి ఫ్రీ అంటే సుంకం లేకపోవడం. ‘సుంకరహిత రేవు’ సరిపోతుంది.

—

‘రహిత’ కూడా పూర్తిగా నిజం కాదండీ. బయటి దేశం నుంచి వచ్చిన సరుకు ఫ్రీపోర్ట్ కంచె లోపల ఉన్నంతసేపు దిగుమతి సుంకం కట్టక్కర్లేదు. అక్కడే బిగించో, బాగుచేసో మళ్ళీ వేరే దేశానికి పంపేస్తే అసలే ఉండదు. కంచె దాటి దేశంలోకి వచ్చిందా, కట్టాల్సిందే. ఇక ‘రేవు’ సంగతి: 2021 మార్చి బడ్జెట్‌లో ఇంగ్లండ్‌కు ప్రకటించిన 8 ఫ్రీపోర్టుల్లో ఈస్ట్ మిడ్‌లాండ్స్‌ది విమానాశ్రయం చుట్టూ ఉన్నది. సముద్రమే లేదు! నేనైతే ఫ్రీపోర్ట్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘సుంకం వెసులుబాటు ఉన్న వాణిజ్య ప్రాంతం’ అని విడమరుస్తాను.

సుంకం మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి శాసనం (1244-45) గుర్తుందా? తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా వెనకటి రాజులు లాక్కునేవారు, మేము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ ముట్టుకోం అని వర్తకులకు మాటిచ్చాడు. దాన్ని మనం ‘సుంకం తగ్గింపు శాసనం’ అనం, ‘అభయ శాసనం’ అంటాం. పెట్టుబడి పెట్టేవాడికి ఇప్పటికీ రేటు ఒక్కటే చాలదు, అది నిలబడుతుందన్న ధైర్యం కావాలి. ఇంగ్లండ్‌లో పన్ను రాయితీల గడువును 2026 నుంచి 2031కి జరిపింది అందుకే.

—

‘స్థానిక సంఘాలు’ అంటే కుల సంఘాలో ఉద్యోగ సంఘాలో అనుకుంటారు. ‘చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు’ చాలు.

—

నాకు అసలు గుచ్చుకుంది ‘పునరుజ్జీవనం’. ఆ మాట వినగానే చాలామందికి 15వ శతాబ్దపు ఇటలీ, బొమ్మలు, శిల్పాలు గుర్తొస్తాయి. పోనీ ‘పునరుద్ధరణ’ అందామంటే, అది పాత గుడికో తెగిన కరెంటు సరఫరాకో నప్పుతుంది, అంటే ఉన్నదాన్నే మళ్ళీ నిలబెట్టడం. ఇక్కడ జరిగేది అది కాదు. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని రెడ్‌కార్‌లో ఉక్కు కర్మాగారం 2015లో మూతపడింది. ఆ నేల ఇప్పుడు టీసైడ్ ఫ్రీపోర్ట్‌లో భాగం. పాత కొలిమిని మళ్ళీ రాజెయ్యలేదు, 2022 నవంబరులో పేల్చి పడగొట్టారు. అదే నేల మీద సముద్రపు గాలిమరలకు పునాది గొట్టాలు చేసే ఫ్యాక్టరీ వచ్చింది. ఉద్ధరించిందేముంది?

మనకు ‘కోలుకోవడం’ అనే మంచి మాట ఉంది. జబ్బుపడి లేచినవాడు కోలుకుంటాడు, దెబ్బతిన్న ఊరూ కోలుకుంటుంది. ‘పునరుద్ధరణ’లో కర్త ప్రభుత్వం, ‘కోలుకోవడం’లో కర్త ఊరు. ఫ్రీపోర్ట్‌లో తేల్చుకోవాల్సింది కూడా ఇదే. భూమి మీద, యంత్రాల మీద రాయితీ కంపెనీకి వెళ్తుంది. ఊరికి చేరే దారులు వేరే: కొత్తగా చేర్చుకున్న ఉద్యోగి జీతంలో ఏడాదికి 25,000 పౌండ్ల వరకు ఉన్న భాగం మీద యజమాని ప్రభుత్వానికి కట్టాల్సిన బీమా చందాను (నేషనల్ ఇన్సూరెన్స్) మూడేళ్ళు మాఫీ చేస్తారు, కాబట్టి మనుషుల్ని తీసుకోవడం చవకవుతుంది. అక్కడ పెరిగిన వ్యాపార పన్ను 25 ఏళ్ళు స్థానిక కౌన్సిళ్ళకే మిగులుతుంది, దాంతో రోడ్లు వేసుకోవచ్చు, కుర్రాళ్ళకు పని నేర్పించొచ్చు.

అయితే పక్క ఊళ్ళో ఉన్న గోదామే రాయితీ కోసం ఇటు మారితే? బ్రిటన్ బడ్జెట్ లెక్కలు చూసే స్వతంత్ర సంస్థ 2021లోనే, వీటివల్ల వ్యాపారం పెరగడం కన్నా చోటు మారడమే ఎక్కువ ఉంటుందని అంచనా వేసింది. ‘వచ్చిన ఉద్యోగాలు’ అని రాసేటప్పుడు తరలి వచ్చినవా, కొత్తగా పుట్టినవా అని చూసుకోండి. తెలుగులో ‘వచ్చిన’ రెంటినీ దాచేస్తుంది.

—

అందరికీ థాంక్సండీ. ఇలా మార్చాను: ‘ఫ్రీపోర్ట్ వస్తే చుట్టుపక్కల ఊళ్ళు కోలుకోవచ్చు, అక్కడివాళ్ళకు పని దొరకొచ్చు.’ కానీ ఇన్ని ‘-వచ్చు’లు చూస్తే మా ఎడిటర్ ‘ఎందుకంత అనుమానం’ అంటారేమో.

—

మీ ఇంగ్లీషు మూలంలో ‘క్యాన్’ ఉందా, లేదా? ఉంటే అదే చూపించండి. ‘తీసుకువస్తుంది’ అని మొదట హామీ ఇచ్చేసింది మీరే.